మిల్లీమీటర్ల లెక్క

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మెలనోమా అనే ఒకే చర్మ క్యాన్సర్ ఒకరికి చిన్న ఆపరేషన్‌తో తీరిపోయి, మరొకరి ప్రాణం మీదికి ఎందుకు తెస్తుందని అడిగారు. సూక్ష్మదర్శిని ముందు బతుకు గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసిన మేరకు రాస్తున్నాను.

చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే ఈ గడ్డ చాలామందిలో మొదట పై పొరలోనే నెలలు, ఏళ్లు పక్కలకు పాకుతుంది; ఆ పొరలో రక్తనాళాలు లేవు గనుక అంతవరకు అది వేరే అవయవానికి చేరలేదు. లోపలికి దిగడం మొదలైన తర్వాతే అసలు ప్రమాదం. అందుకే 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ పాథాలజిస్టు (శరీరం నుంచి తీసిన తునకలను సూక్ష్మదర్శినిలో పరీక్షించే డాక్టరు) గడ్డ వెడల్పును కాక మందాన్ని కొలవాలన్నాడు. 0.8 మిల్లీమీటర్ల లోపు, పుండు పడకముందే తీసేస్తే, పదేళ్ల తర్వాత కూడా నూటికి సుమారు 98 మంది దానివల్ల చనిపోకుండా ఉంటారు. 4 మిల్లీమీటర్లు దాటి పుండు పడితే, ఇంకెక్కడికీ పాకకపోయినా, ఆ సంఖ్య 75 దగ్గరికి పడిపోతుంది.

మందమంటే వేగాన్ని కాలంతో హెచ్చవేసినదే కదా! 2006లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశీలనలో పైపైన పాకే రకం నెలకు సుమారు 0.1 మిల్లీమీటరు మందం పెరిగితే, పక్కలకు పాకకుండా నేరుగా లోపలికి దిగే నాడ్యులర్ రకం దాదాపు అర మిల్లీమీటరు పెరిగింది. అంటే మొదటిదానికి ఏడాదికి పైగా పట్టే 2 మిల్లీమీటర్ల లోతుకు రెండోది నాలుగు నెలల్లో చేరుతుంది. పైగా వంకర అంచులు, రకరకాల రంగులు ఉంటేనే అనుమానించాలని మనకు నేర్పిన పాఠం ఇక్కడ పనిచేయదు. వేగంగా పెరిగేవి తరచుగా గుండ్రంగా, నున్నగా, ఒక్కోసారి నల్లదనమే లేకుండా మొటిమలా ఉంటాయి. గట్టిగా, ఉబ్బెత్తుగా ఉండి నెల రోజులుగా పెరుగుతూనే ఉన్నదాన్ని డాక్టరుకు చూపించవలసిందే.

మనవంటి ఛాయవారిలో ఈ జబ్బు అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా అరికాలిలోనో గోటి కిందనో వస్తుంది. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి వేలి గోటి కింద బయటపడింది ఇదే. 1981లో, 36 ఏళ్లకే పోయాడు. మనవాళ్లు దాన్ని ఆనెకాయ అనో, దెబ్బ తగిలి కమిలిందనో ఊరుకుంటారు.

ఇంకొక్క మాట. అనుమానమున్న మచ్చను సున్నమూ సోడా పెట్టి రాల్చడం గాని, కాల్పించడం గాని చేయకండి. అలా మాడిపోయిన తునక మా బల్ల మీదికి వస్తే, ఎంత లోతుకు దిగిందో కొలవడానికి అందులో ఏమీ మిగిలి ఉండదు.

ఇట్లు,
తాతయ్య