ఊపిరి బిగబట్టి పలికే హల్లులు

తెలుగు లిపిలో రాయలేని శబ్దం ప్రపంచంలో ఉందా అని ఒక పాఠకుడు అడిగారు. ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, ఫ్రేజర్ నది లోయలో, లిల్లూయెట్ అనే భాష ఉంది. సాలిష్ కుటుంబంలోది. గ, డ, ద, బ ఒక్కటీ లేకుండానే అందులో 44 హల్లులు! వాటిలో ఒక జాతి హల్లులంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

చిన్నప్పుడు వెదురు గొట్టం తుపాకీతో ఆడారా? గొట్టానికి ముందొక కాయ, వెనకొక కాయ బిగించి, వెనక కాయను పుల్లతో తోస్తాం. మధ్యలో చిక్కిన గాలి నలిగి నలిగి, ముందు కాయ టప్పున ఎగిరిపోతుంది. లిల్లూయెట్‌లో ఒక రకం క అచ్చం ఇలాగే పుడుతుంది. ముందు కాయ, అంగిలికి అతుక్కున్న నాలుక వెనక భాగం. వెనక కాయ, స్వరతంత్రులు. నిండు బిందె ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతామే, అప్పుడు మూసుకునేవి అవే. రెండూ మూసుకుని ఉండగా స్వరపేటిక పైకి లేస్తుంది. పుల్ల చేసే పని అదే. నాలుక వదలగానే క పేలుతుంది, స్వరతంత్రులు ఆ తర్వాత తెరుచుకుంటాయి. ఊపిరితిత్తులకు ఇందులో పనే లేదు. గొంతు ముడి మీద వేలు పెట్టి, ఊపిరి బిగబట్టి, గట్టిగా క్ అనండి. పేలుడుతో పాటు ముడి పైకి జరిగిందా, దారిలో పడ్డట్టే.

మన ఖ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ వెనక కాయే ఉండదు. స్వరతంత్రులు తెరిచి ఉండగా ఊపిరి ఎగదన్నుకొస్తుంది. కాబట్టి కింద ఒత్తు పెట్టి సరిపెట్టుకోలేం.

ఇలాంటి పేలుడు హల్లులు ఏడు: ప, చాపలో పలికే చ, క, కొండనాలుక దగ్గర ఇంకా లోపల పుట్టే మరో క, ఆ రెండు ‘క’లనే పెదవులు గుండ్రంగా చుట్టి పలికే మరో రెండు, ఆపైన ఏడోది. పసివాళ్లకు వస పోస్తే నాలుక తిరుగుతుందని మనవాళ్ల నమ్మకం. నాలుకను తిప్పేది చెవి. ఆ లోయలో పిల్లలు వీటిని వింటూ వింటూనే పట్టేశారు.

ఏడోదానికి నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించండి. గొంతు మూసి, గాలిని నొక్కి, కొన కదలకుండా నాలుక పక్కల నుంచి బుసలా వదలండి. త, ల, బుస కలిసిన ఒకే హల్లు. ఆ జనం తమను తాము పిలుచుకునే పేరులో ఇది రెండుసార్లు వస్తుంది. తెలుగులో స్త్లాత్లిమ్ఖ్ అని రాసుకోవచ్చు గానీ, రెండు చోట్లా పేలుడు పోతుంది.