ప్రోటోకాల్ రాసింది ఆవిడ, సర్వర్ రూమ్ తాళాలు మాత్రం మగవాళ్ళ దగ్గర

కంప్యూటర్లను కేబుళ్ళతో కలిపే పెట్టెలైన రెండు స్విచ్‌ల మధ్య ఎవరైనా పొరపాటున రెండో కేబుల్ పెట్టినా ఆఫీసు నెట్‌వర్క్ కూలిపోకుండా కాసేది స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ అనే నియమావళి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ 1985లో దాన్ని రూపొందించింది రేడియా పెర్ల్‌మన్. 1990లో అది ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ వారి 802.1డి ప్రమాణంలోకి ఎక్కింది. డేటాకు దారి ఎంచడానికి పెద్ద ఇంటర్నెట్ ప్రొవైడర్లు ఇప్పటికీ నడుపుతున్న ఐఎస్-ఐఎస్ రూటింగ్‌లోనూ ఆమె చెయ్యి ఉంది. పత్రికలు తగిలించిన ‘ఇంటర్నెట్ తల్లి’ బిరుదు మాత్రం ఆమెకు గిట్టదు.

ఆవిడ ఒంటరి కూడా కాదు. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ రోజుల్లో ఏ కంప్యూటర్‌కు ఏ పేరో చెప్పే హోస్ట్ పట్టిక ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన సమాచార కేంద్రంలో ఉండేది. డాట్‌కామ్, డాట్‌ఈడీయూ లాంటి విభాగాల పేర్లు ఖరారైనప్పుడూ ఆ బృందం ముందుంది. 1984లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కోను స్థాపించిన ఇద్దరిలో ఒకరు శాండీ లెర్నర్. కంపెనీ షేర్ మార్కెట్‌కెక్కిన 1990లోనే ఆమె బయటికి పోవాల్సి వచ్చింది. నెట్‌వర్క్‌ల మధ్య డేటాకు దారి చూపే రూటర్‌లో వేచి ఉండే క్యూ పూర్తిగా నిండక ముందే కొన్ని ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, పారేసి, పంపేవాళ్ళను నెమ్మదించేలా చేసే ‘రెడ్’ పద్ధతిని 1993లో వాన్ జాకబ్‌సన్‌తో కలిసి శాలీ ఫ్లాయిడ్ ప్రచురించారు.

కాబట్టి ఈ రంగంలోకి ఆడవాళ్ళు ఆలస్యంగా వచ్చారన్న మాట నిలబడదు. తలుపు మూసుకున్నది డిజైన్ దగ్గర కాదు, ఆపరేషన్స్ దగ్గర, అంటే నెట్‌వర్క్‌ను రోజూ నడిపే పని దగ్గర.

అదెలాగో తెలియాలంటే అదే స్పానింగ్ ట్రీ చెడిన రాత్రిని చూడాలి. ఇంటర్నెట్‌లో తిరిగే ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ అనే, రూటర్ దాటినప్పుడల్లా తగ్గే అంకె ఉంటుంది, అది సున్నా కాగానే ప్యాకెట్ చస్తుంది. ఆఫీసు కేబుళ్ళలో తిరిగే ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు అలాంటి ఆయుష్షు లెక్కే లేదు. కేబుళ్ళ దారి తిరిగి మొదటికే వచ్చే లూప్ పడిందంటే, అందరికీ పంపే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ చాలు, ప్రతి స్విచ్ దగ్గరా కాపీలు పుట్టిస్తూ తిరుగుతూనే ఉంటుంది. అందుకే స్పానింగ్ ట్రీ ఒక స్విచ్‌ను రూట్‌గా ఎంచుకుని, మిగతా అదనపు దారులను మూసేస్తుంది. రూట్ అయ్యేది అతి తక్కువ బ్రిడ్జ్ ఐడీ (ప్రయారిటీ అంకె, దాని వెనక మ్యాక్ అడ్రస్) ఉన్న స్విచ్. డీఫాల్ట్ ప్రయారిటీ అన్నిటికీ 32768 కనుక, ఎవరూ ముట్టుకోకపోతే పోటీ తయారీలోనే పరికరానికి ఇచ్చే మ్యాక్ అడ్రస్ మీదికి వస్తుంది. తక్కువ మ్యాక్ చాలాసార్లు పాత స్విచ్‌దే అవుతుంది. అలా ఏ మూల గదిలోదో ముసలి స్విచ్ మొత్తం బిల్డింగ్‌కు రూట్ అయి కూర్చుంటుంది. దీనికి మందు నెట్‌వర్క్ నడిమధ్య ఉండే కోర్ స్విచ్‌కు 4096 ప్రయారిటీ, యూజర్ పోర్టులన్నిటికీ బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ సందేశం వస్తే ఆ పోర్టును మూసేసేది). గార్డ్ బదులు తెలియక ఆ సందేశాలనే ఆపేసే ఫిల్టర్ పెడితే అసలు రక్షణే పోతుంది.

అలా ఫిల్టర్ పెట్టిన పోర్టుల మధ్య లూప్ పడితే స్విచ్ సీపీయూ 100 శాతానికి చేరుతుంది, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కలవదు. ఎవరో ఒకరు స్విచ్‌కు నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని పరికరాలుండే రాక్ దగ్గరికి పోవాలి, 9600 బాడ్ వేగంతో లాగిన్ అవ్వాలి, లేదంటే దీపాలు ఆగకుండా కొట్టుకుంటున్న అప్‌లింకులను, అంటే స్విచ్‌లను కలిపే కేబుళ్ళను, ఒక్కొక్కటే పీకి చూడాలి. ప్లాన్ ప్రకారం చేసే మార్పులకైనా చేంజ్ విండో, అంటే మార్పులకు అనుమతించే సమయం, అర్ధరాత్రి దాటాకే దొరుకుతుంది. ఇలాంటి రాత్రులు గడిపినవాళ్ళకే సీనియర్ అన్న పేరు, దాని వెనక ప్రమోషన్. రాత్రి రోస్టర్‌లో పేరు లేని అమ్మాయికి టికెట్లు, డాక్యుమెంటేషన్, రిపోర్టులు మిగులుతాయి. మూడేళ్ళ తర్వాత ఇంటర్వ్యూలో ‘ప్రొడక్షన్‌లో, అంటే నడుస్తున్న నెట్‌వర్క్‌లో, కోర్ స్విచ్ మార్చారా?’ అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

మన దగ్గర దీనికి చట్టం కూడా తోడైంది. 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 66 ఉదయం 6 నుంచి సాయంత్రం 7 మధ్యనే ఆడవాళ్ళకు పని అంది. 2000 చివర్లో మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాత్రి పని నిషేధాన్ని కొట్టేశాయి. ఆఫీసులకు వర్తించేది ఉమ్మడి రాష్ట్రపు 1988 దుకాణాలు, సంస్థల చట్టం. అందులోనూ రాత్రి పనికి అడ్డు ఉండేది. హైదరాబాద్ ఐటీ కంపెనీలు రవాణా, భద్రత షరతుల మీద మినహాయింపులు తెచ్చుకున్నాయి. ఉద్యోగిని సమ్మతితో, భద్రత ఏర్పాట్లతో రాత్రి పని చేయవచ్చని 2020 వృత్తి భద్రతా కోడ్ సెక్షన్ 43 చెబుతుంది. అయితే ఆ సమ్మతిని మేనేజర్ అడిగితే కదా. ‘రాత్రి ఎందుకమ్మా, నీకు ఇబ్బంది’ అని పేరు కొట్టేస్తే, అది మర్యాదగానే వినిపిస్తుంది, కెరీర్‌కు మాత్రం కోతే.

పరికరాలు బరువు, ఆడవాళ్ళు ఎత్తలేరన్న వాదనలో పస తక్కువ. రాక్‌లో ఒక్క అర ఎత్తుండే 24 పోర్టుల స్విచ్ ఉండేది నాలుగైదు కిలోలు. కార్డులు గుచ్చే పెద్ద పెట్టె, అంటే ఛాసిస్‌ను మగవాడైనా ఒక్కడే ఎత్తకూడదు. ముందు పవర్ సప్లైలు, లైన్ కార్డులు తీసేసి ఇద్దరు పట్టుకోవాలి, లేదా లిఫ్ట్ వాడాలి.

ఈ చేతి అనుభవం లోటు మీదే నేరుగా గురిపెట్టిన ప్రయత్నాల్లో చెప్పుకోదగ్గది అమెరికాలో 2015లో మొదలైన ‘విన్స్’. ఏటా జరిగే సూపర్ కంప్యూటింగ్ సదస్సుకు వలంటీర్లు కట్టే ఎస్‌సీనెట్ నెట్‌వర్క్‌లో మహిళా ఇంజనీర్లను కూర్చోబెడతారు. అక్కడ ఉపన్యాసాలు కాదు, ఫైబర్ లాగడం, రూటర్లు కాన్ఫిగర్ చేయడం, సదస్సు ముగిశాక అంతా విప్పేయడం.

కంపెనీ లోపల చేయాల్సింది ఇంతకన్నా చిన్నపని. చేంజ్ విండోల జాబితా తీసి, ప్రతి మార్పులో కీబోర్డు ముందు ఉన్నదెవరు, పక్కన కూర్చుని చూసిందెవరు అని రెండు గడులు పెట్టాలి. మొదట రెండో గడిలో, రెండు మూడు మార్పులయ్యాక మొదటి గడిలో అమ్మాయి పేరు రావాలి. మార్పు చెడితే వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్ కమాండ్లు కూడా ఆవిడే రాసి రివ్యూ చేయించుకోవాలి. క్యాబ్ ఆఫీసుకే కాదు, డేటా సెంటర్‌కూ, అక్కడి నుంచి ఇంటికీ బుక్ చేయాలి.