చిక్కుడు రాత్రిని కొలుస్తుంది

రథసప్తమినాడు తెలుగు ఇళ్లలో చిక్కుడుకాయలతో చిన్న రథం కట్టి, పరమాన్నాన్ని చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి నివేదిస్తారు. ఆ రోజుల్లో పందిరి చిక్కుడు విరగకాస్తూ ఉంటుంది. అయితే ఆ పాదుకు గింజ పెట్టింది ఎప్పుడో తొలకరిలో. బెండ నెలన్నరకే పూతకు వస్తుంది గాని, పాత పందిరి రకాల చిక్కుడు నాలుగైదు నెలలు తీగ సాగుతూ, ఆకు వేస్తూ ఉండి, చలి మొదలయ్యే వేళకు గాని పూయదు. రసాయనాలు వాడకుండా అర ఎకరంలో కూరగాయలు పండించి, వాటిని తామే అమ్ముకునే కుటుంబానికి ఈ ఆలస్యం ఎందుకో తెలియడం ఎరువు సంగతి తెలియడమంత అవసరమని నా అభిప్రాయం.

పూత ఎప్పుడు రావాలో ఆ తీగకు చెప్పేది రాత్రి నిడివి; రాత్రులు తగినంత పొడుగయ్యాకే అది పూస్తుంది. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. అది వెలుగు తగిలినప్పుడు ఒక రూపంలోకి, చీకటిలో మెల్లగా మరో రూపంలోకి మారుతుంది. మొక్క లోపలి గడియారం ఈ మార్పును ఆసరాగా చేసుకుని, చీకటి ఎంతసేపు ఎడతెగకుండా సాగిందో పసిగడుతుంది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు, వేసవి పొడుగునా పెరుగుతూనే ఉండి పూయని ఒక పొగాకు రకాన్ని రోజూ కొన్ని గంటలు చీకటిలో ఉంచి పూయించి, ఆ ఫలితాలను 1920లో ప్రచురించారు. మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రినేనని ఆ తరువాతి ప్రయోగాల్లో తేలింది. మన ప్రాంతంలో అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ మధ్య తేడా సుమారు రెండు గంటలే అయినా, చిక్కుడుకు ఆ తేడా చాలు.

అమ్మకంలో చిక్కు వచ్చేది ఇక్కడే. ధర పడిపోకుండా ఉండాలంటే విత్తనాన్ని విడతలుగా వేయమని రైతులకు చెబుతుంటారు. పాత చిక్కుడు విషయంలో ఆ సలహా పెద్దగా పనిచేయదు. జూన్‌లో పెట్టిన పాదు, జులైలో పెట్టిన పాదు దాదాపు ఒకేసారి పూస్తాయి. ముందు పెట్టినది పెద్ద తీగ అవుతుంది గాని, ముందు కాయదు. ఊరందరి పందిళ్లూ సంక్రాంతి నాటికి కలిసి కాస్తాయి, ధర కూడా అప్పుడే పడుతుంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రాత్రి నిడివితో పనిలేకుండా పూసే అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద చిక్కుడు రకాలను అందించింది. వాటిని మాత్రం నిజంగానే విడతలుగా విత్తుకోవచ్చు. అలాగని పందిరి చిక్కుడును వదులుకోమని నేను అనను. ఆ వాసన, ఆ గింజ రుచి కోరి వచ్చే కొనుగోలుదారులు ఉంటారు, పైగా దాని వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. చలికాలంలో దాని లేత కొమ్మలకు పేనుబంక పడితే, దాన్ని తినడానికి అక్షింతల పురుగులు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. అంతలో తొందరపడి పురుగుమందు చల్లితే ముందుగా పోయేది ఆ అక్షింతల పురుగులే.

బెండ సంగతి వేరు. ఇప్పుడు మనం సాగు చేసే రకాలు పగటి నిడివిని అంతగా పట్టించుకోవు కనుక, పదిహేను రోజులకొక మడి చొప్పున విత్తితే కోత ఆగకుండా వస్తుంది. దానికి అడ్డు తెల్లదోమ. పొడి వేసవిలో అది బాగా పెరిగి, ఆకు ఈనెలను పసుపుగా మార్చే పల్లాకు తెగులు వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. సోకిన మొక్కకు మందు లేదు, పీకేయాలి. చుట్టూ నాలుగు వరుసల జొన్న గాని మొక్కజొన్న గాని ముందే వేసుకుంటే గాలివాటున వచ్చే దోమకు కొంత అడ్డు పడుతుంది. కాయను రెండు రోజులకొకసారి కోయడం కూడా మార్కెట్ కోసం మాత్రమే కాదు. చెట్టు మీద ముదిరిన కాయలోని గింజలు మొక్క తయారుచేసిన చక్కెరను లాక్కోవడంతో కొత్త పూత తగ్గుతుంది.

టమాటాకు ఏలిక ఉష్ణోగ్రత. రాత్రులు కూడా వేడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో పుప్పొడి సత్తువ తగ్గి పూత రాలిపోతుంది. ఆ లోటును ఏ కషాయమూ తీర్చదు.

కోసిన కూరగాయ చచ్చిపోదు, ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ శ్వాస వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది, దాచుకున్న చక్కెర అంత త్వరగా ఖర్చవుతుంది. తోటకూరను తెల్లవారుజామున కోసి ఎండెక్కకముందే గంపకెత్తడం ఇందుకే. అమ్ముడుపోగా మిగిలిన సరుకుకు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన శీతల గది బాగా పనికొస్తుంది. రెండు ఇటుక గోడల మధ్య ఇసుక నింపి, రోజూ నీళ్లు చల్లడమే. ఆ నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. గాలి పొడిగా ఉండే వేసవిలో ఇది చక్కగా పనిచేస్తుంది గాని, వానాకాలపు తేమలో అంతగా చల్లబడదు. పండుతున్న టమాటాలను ఆకుకూరల పక్కన పెట్టకూడదు, వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు ఆకులను త్వరగా పసుపెక్కిస్తుంది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్లు దళారి లేకుండా అమ్మే చోటును ఇచ్చాయి. పొలానికీ వంటింటికీ మధ్య గంటలు తగ్గితే, కూరగాయ తనలోని చక్కెరను తానే తినేసే గంటలు కూడా తగ్గినట్టే. రసాయనాల్లేని సరుకు ఎక్కువ ధర పలకాలంటే ముందు దాని రుచి నిలవాలి, రుచి నిలిచేది ఈ గంటల్లోనే.

పండగ వెళ్లాక చిక్కుడు ధర పడిపోయిన రోజుల్లో, బాగా కాసిన ఆరోగ్యమైన తీగ మీద కొన్ని కాయలను కోయకుండా వదిలేస్తారు. అవి తీగ మీదే ఎండాక ఒలిచి, గింజలకు బూడిద పట్టించి కుండలో దాచి, తొలకరికి మళ్లీ పాదు తీసి నాటుతారు. ఆ ఊరి రాత్రులను కొలవడం ఆ గింజకు ముందే వచ్చు.