పోయిన కాగితమా, పుట్టని కాగితమా: అమెరికాలో పాత కార్ల టైటిల్ చిక్కుల వెనుక చరిత్ర

న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెలో, పశువుల కొట్టంలో, 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారు ముప్ఫై నలభై ఏళ్లుగా దుమ్ము కప్పుకుని పడి ఉందనుకుందాం. అడుగు రేకు తుప్పు పట్టి చిల్లులు పడింది, ఇంజిన్ బిగుసుకుపోయింది, సీట్లలోని పీచును ఎలుకలు లాగేశాయి. కొనడానికి వచ్చినవాడు వీటికి భయపడడు. తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో భాగాన్ని విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించుకుంటూ ఏళ్ల తరబడి పని చేసుకోవడానికి కొనే ఇలాంటి బండినే అక్కడ ప్రాజెక్ట్ కారు అంటారు. బేరం కుదిరాక అతడు టైటిల్, అంటే బండి ఎవరిదో చెప్పే ప్రభుత్వ పత్రం, చూపించమంటాడు. అది ఎప్పుడో పోయిందని అమ్మేవాడు జవాబిస్తాడు. చాలా బేరాలు ఈ మాట దగ్గరే ఆగిపోతాయి, కొన్ని కార్లు ఈ మాట వల్లనే తుక్కు దుకాణానికి చేరతాయి. నిజానికి ఆ కారు టైటిల్ పోలేదు. న్యూయార్క్ రాష్ట్రం 1973 మోడల్ నుంచి మాత్రమే కార్లకు టైటిల్ ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు తయారైన బళ్లకు అక్కడ రిజిస్ట్రేషన్ కాగితమే యాజమాన్యానికి ఆధారం. ఆ కారు జీవితమంతా న్యూయార్క్‌లోనే గడిచి ఉంటే, దానికి టైటిల్ అనే కాగితం ఎన్నడూ పుట్టనే లేదు.

ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదు. పోయిన కాగితానికి నకలు తీసుకోవచ్చు. పుట్టని కాగితానికి నకలు ఉండదు, దాని స్థానంలో ఏది చెల్లుతుందో వెతుక్కోవాలి. దొంగిలించిన బండి కాగితం మాత్రం దొరికినా పనికిరాదు. అమ్మేవాడి నోట మూడు సందర్భాలకూ వచ్చేది ఒకే మాట కాబట్టి, ఆ మాట వెనుక ఏది ఉందో తేల్చుకోవాలంటే టైటిల్ అనే ఏర్పాటు ఎందుకు, ఎప్పుడు, ఎక్కడ మొదలైందో తెలిసి ఉండాలి.

తెలుగునాట నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవారికి ఈ విషయం మరింత గజిబిజిగా తోస్తుంది. మనకు అలవాటైనది ఆర్‌సీ ఒక్కటే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎవరి పేరున వాహనం రిజిస్టరై ఉందో ఆ మనిషే యజమాని, అంటే రోడ్డు మీద తిరిగే అనుమతీ యాజమాన్యపు నమోదూ ఒకే పత్రంలో ఉంటాయి. అమెరికాలో ఇవి రెండూ వేర్వేరు పత్రాలు. రిజిస్ట్రేషన్ అంటే పన్ను కట్టి, నంబరు ప్లేటు తీసుకుని బండి నడుపుకునే అనుమతి, దాన్ని ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవాలి. టైటిల్ అంటే ఈ వస్తువు ఫలానా వారిదని రాష్ట్రం ఇచ్చే పత్రం, అమ్మినప్పుడు దాని వెనుక సంతకం చేసి కొన్నవారి చేతికి ఇవ్వాలి. ఆర్‌సీ అలవాటుతో రిజిస్ట్రేషన్ కాగితం చూసి తృప్తిపడి డబ్బు ఇచ్చేసినవారు, టైటిల్ తప్పనిసరి అయిన రాష్ట్రంలో ఇబ్బందిలో పడతారు.

రెండింటిలో రిజిస్ట్రేషనే ముందు పుట్టింది. 1901లో న్యూయార్క్ రాష్ట్రం మోటారు బళ్ల యజమానులు తమ పేర్లు నమోదు చేయించుకుని, తమ పేరులోని తొలి అక్షరాలను బండి వెనుక కట్టుకోవాలని ఆదేశించింది. 1903లో మసాచుసెట్స్ తానే నంబరు ప్లేట్లు తయారు చేయించి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో కారు ధనవంతుల వస్తువు, ఏ కారు ఎవరిదో ఊరందరికీ తెలిసేది. 1908లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ తెచ్చి, తర్వాతి ఏళ్లలో ధరను తగ్గిస్తూ పోవడంతో పరిస్థితి మారిపోయింది. 1927లో ఆ మోడల్ తయారీ ఆగేనాటికి దాదాపు కోటీ యాభై లక్షల బళ్లు రోడ్డెక్కాయి. అన్నీ ఒకేలా ఉండే లక్షలాది బళ్లలో ఒకదాన్ని రాత్రికి రాత్రి ఎత్తుకుపోయి పక్క రాష్ట్రంలో అమ్మితే, కొన్నవారికి గానీ పోలీసులకు గానీ తెలుసుకునే దారి ఉండేది కాదు. రాష్ట్ర సరిహద్దు దాటితే ఆ రాష్ట్ర పోలీసుల చేయి సాగేది కాదు.

అందుకే 1919లో, మిస్సోరీకి చెందిన కాంగ్రెస్ సభ్యుడు లియోనిడాస్ డయ్యర్ ప్రతిపాదించిన చట్టం వచ్చింది. దొంగిలించిన కారని తెలిసీ దాన్ని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించడం ఆ చట్టంతో కేంద్ర ప్రభుత్వం విచారించే నేరమైంది. అయితే దొంగను శిక్షించాలంటే ముందు అసలు యజమాని ఎవరో రుజువు కావాలి. ఆ రుజువు కోసమే 1920వ దశకం నుంచి ఒక్కో రాష్ట్రం టైటిల్ చట్టాలు చేసుకుంటూ వచ్చింది. రాష్ట్రాల చట్టాలను ఒక పద్ధతిలోకి తేవడానికి కృషి చేసే న్యాయనిపుణుల జాతీయ సంఘం ఒక నమూనా చట్టం తయారు చేసి, 1955లో దానికి మరింత సమగ్రమైన రూపం ఇచ్చింది. నమూనాను అనుసరించి తీరాలన్న నిర్బంధం మాత్రం రాష్ట్రాలకు లేదు. దొంగతనంతో పాటు అప్పు కూడా టైటిల్‌కు బలం చేకూర్చింది. జనరల్ మోటార్స్ 1919లో తన ఫైనాన్స్ సంస్థను మొదలుపెట్టాక వాయిదాల మీద కారు కొనడం మామూలైపోయింది, అప్పిచ్చినవారు తమ హక్కును టైటిల్ మీద రాయించుకోసాగారు. మన ఆర్‌సీలో హైపోథికేషన్ (అప్పిచ్చినవారి హక్కు నమోదు) కొట్టేయించుకోకుండా వదిలేస్తే ఎంత తలనొప్పో అక్కడా అంతే. ఎప్పుడో అప్పు తీరిపోయి, అప్పిచ్చిన బ్యాంకు మూతపడి, ఆ బ్యాంకు పేరు మాత్రం టైటిల్ మీద అలాగే నిలిచిపోయిన పాత కార్లు ఎన్నో ఉన్నాయి.

అసలు చిక్కంతా రాష్ట్రాలు కలిసి నడవకపోవడం వల్లనే వచ్చిందని నేను నమ్ముతున్నాను. కొన్ని రాష్ట్రాలు 1920లలోనే టైటిల్ ఇవ్వడం మొదలుపెడితే, మరికొన్ని యాభై ఏళ్లు ఆలస్యం చేశాయి. మస్టాంగ్ కారును ఫోర్డ్ కంపెనీ 1964 ఏప్రిల్ 17న లోకానికి చూపించింది న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలోనే. ఆ ప్రదర్శన చూసి అక్కడే కొనుక్కున్న న్యూయార్క్ వాసులకు మాత్రం ఆ రాష్ట్రం టైటిల్ ఇవ్వలేదు, అలాంటి చట్టం అప్పటికి అక్కడ లేదు. అలబామా 1975 మోడల్ నుంచి టైటిల్ ఇవ్వసాగింది. జార్జియా తొలుత టైటిల్ ఇచ్చినా, తర్వాత 1985, అంతకుముందు మోడళ్లకు అవసరం లేదని వదిలేసింది. ఇరవై ఏళ్లు దాటిన బళ్లకు కనెక్టికట్ టైటిల్ ఇవ్వదు. ఇలాంటి చోట బండికి పాత రిజిస్ట్రేషన్, దానితో పాటు అమ్మకపు రశీదు ఉంటే సరిపోతుంది. అదే బండిని టైటిల్ తప్పనిసరి అయిన మరో రాష్ట్రానికి తీసుకుపోతే, అక్కడి కౌంటరు దగ్గర కూర్చున్న గుమాస్తాకు పక్క రాష్ట్రపు చట్టం తెలియకపోవచ్చు. అప్పుడు ఆ రాష్ట్రపు నిబంధన ఉన్న పేజీని అచ్చు తీసుకెళ్లి చూపించాల్సిన భారం కొన్నవారి మీదే పడుతుంది.

బండిని గుర్తించే సంఖ్య చరిత్ర కూడా ఇలాగే అతుకుల బొంత. ఇప్పుడు అందరికీ తెలిసిన 17 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య, అంటే విన్, 1981 మోడల్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో పొడవు, ఒక్కో పద్ధతి. అద్దం బయటి నుంచే కనిపించేలా ఆ సంఖ్య ఉండాలన్న కేంద్ర నిబంధన 1969లో అమలైంది. ఇంకా వెనక్కి, 1950ల మధ్య వరకూ వెళ్తే, చాలా రాష్ట్రాల్లో కార్లను ఇంజిన్ నంబరుతోనే నమోదు చేసేవారు. ఇంజిన్ అరిగిపోయే వస్తువు. ఎక్కువ తిరిగిన కారుకు మరో ఇంజిన్ వేయడం ఆనాడు టైరు మార్చినంత మామూలు పని, దాన్ని కార్యాలయానికి తెలియజేసినవారు తక్కువ. అందువల్ల చేతిలో ఉన్న టైటిల్ అచ్చమైనదే అయినా, దాని మీది సంఖ్యకూ బానెట్ కింది సంఖ్యకూ పొంతన కుదరదు. ఇది మోసం కాదని తెలిసినవారు చెప్పగలరు గానీ, తనిఖీకి వచ్చిన అధికారికి మొదట కలిగేది అనుమానమే.

ఇక కాగితం నిజంగానే పోయిన సందర్భాలకు వస్తే, వాటిలో చాలావాటికి కారణం యాజమాన్యపు గొలుసు తెగడం. కొన్నవారు తమ పేరు మీదికి మార్చుకోకుండానే, పాత యజమాని సంతకం చేసిన టైటిల్‌ను అలాగే ఇంకొకరికి అమ్మేస్తారు. పన్ను తప్పించుకోవడానికి కొందరు, బద్ధకంతో కొందరు చేసే ఈ పని అక్కడ చట్టవిరుద్ధం. మన దగ్గర ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని చేతులు మార్చే పద్ధతికి ఇది అన్నదమ్ముడు. ఆ గొలుసులో ఒక మనిషి చనిపోయినా, చిరునామా మారినా, తర్వాతి మనిషికి దారి మూసుకుపోతుంది. దీనికి తోడు, చాలా ఏళ్లుగా రిజిస్ట్రేషన్ పునరుద్ధరించని బళ్ల వివరాలను చాలా రాష్ట్రాలు తమ లెక్కల్లోంచి తీసేస్తాయి. కొట్టంలో ముప్ఫై ఏళ్లు పడి ఉన్న కారు గురించి అడిగితే, అలాంటి బండి తమ రికార్డుల్లో లేదనే జవాబు రావడం వింతేమీ కాదు. ఆ జవాబును ఏ దోషమూ లేదన్న ధ్రువీకరణగా తీసుకోవడం పెద్ద పొరపాటు.

ఈ చిక్కులన్నిటికీ చాలాకాలం ఒకే మందుగా పనిచేసింది వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం. పదిహేనేళ్లు దాటిన బండికి అక్కడ టైటిల్ అక్కర్లేదు. అమ్మకపు రశీదు జతచేసి దరఖాస్తు పంపి, రుసుముతో పాటు నూటికి 6 వంతున పన్ను కడితే, ఆ రాష్ట్రంలో ఎన్నడూ కాలుపెట్టని మనిషికి కూడా తపాలాలో రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు వచ్చేవి. ఆ రిజిస్ట్రేషన్‌ను యాజమాన్యపు ఆధారంగా చూపించి సొంత రాష్ట్రంలో టైటిల్ తీసుకునేవారు. న్యాయంగా కొనుక్కుని కాగితం లేక బాధపడుతున్న ఎందరికో ఇది మేలు చేసింది. దొంగ సొత్తుకు కొత్త కాగితం పుట్టించుకోవాలనుకునేవారికీ ఇదే తలుపు తెరిచి ఉండేది. మిగతా రాష్ట్రాల కార్యాలయాలు వెర్మాంట్ కాగితాలను అనుమానంగా చూడటం ఎక్కువైంది, చివరికి 2023లో వెర్మాంట్ తన నిబంధనలు మార్చి బయటి రాష్ట్రాలవారికి ఈ దారిని దాదాపుగా మూసేసింది. ఇప్పటికీ ఈ సలహానే ఇచ్చేవారు ఉన్నారు, దాన్ని నమ్మి ముందుగా డబ్బు కట్టకూడదు.

రాష్ట్రాల మధ్య సమాచారం అందకపోవడమే అసలు లోపమని కేంద్రం గుర్తించి 1992లో మరో కారు దొంగతన నిరోధక చట్టం చేసింది. అన్ని రాష్ట్రాల టైటిల్ వివరాలనూ కలిపే జాతీయ సమాచార వ్యవస్థకు పునాది ఆ చట్టంలోనే ఉంది. అయితే కొనుగోలుదారులకు అది అందుబాటులోకి వచ్చింది, తుక్కు దుకాణాలూ బీమా సంస్థలూ వివరాలు ఇవ్వడం తప్పనిసరి అయిందీ 2009లో. వరదలో మునిగిన కార్లను మరో రాష్ట్రానికి తరలించి మచ్చలేని టైటిల్ పుట్టించే మోసాలకు దీనివల్ల కొంతవరకు అడ్డుకట్ట పడింది. 17 అక్షరాంకెల సంఖ్య లేని, కంప్యూటర్లు రాకముందే రోడ్డు దిగిపోయిన బండికి మాత్రం ఈ వ్యవస్థ చేయగలిగింది చాలా తక్కువ.

అలాంటి బండి కొన్నవారికి ఈనాడు మిగిలిన గౌరవప్రదమైన దారి బాండ్‌తో కూడిన టైటిల్. చాలా రాష్ట్రాల్లో ఉన్న ఈ పద్ధతికి టెక్సస్ మంచి ఉదాహరణ, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న రాష్ట్రం కూడా అదే. అక్కడ బండి విలువను అధికారులు నిర్ణయించాక, దానికి ఒకటిన్నర రెట్ల మొత్తానికి ఒక హామీ సంస్థ నుంచి బాండ్, అంటే హామీ పత్రం, తీసుకోవాలి. కొన్నవారు చెల్లించేది ఆ మొత్తంలో చిన్న వంతే. మూడేళ్ల లోపు అసలు యజమాని వచ్చి తన హక్కు నిరూపించుకుంటే, ఆ బాండ్ నుంచి పరిహారం అందుతుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. కాగితం లేనంత మాత్రాన కొన్నవారిని దొంగగా చూడదు, ఎక్కడో ఉన్న అసలు యజమాని హక్కునూ తుడిచిపెట్టదు. అది కుదరని చోట కోర్టుకు వెళ్లి, బండి తనదని ఉత్తర్వు తెచ్చుకోవడం ఉండనే ఉంది.

కాగితం సరిగ్గా ఉన్నా బండి చేజారిన సంఘటన కాన్సాస్‌లో జరిగింది. అక్కడి నివాసి ఒకరు 2016లో ఇండియానాలోని ఒక డీలర్ దగ్గర 1959 నాటి షెవ్రొలే కార్వెట్ కొన్నారు. 2017లో సొంత రాష్ట్రంలో నమోదు చేయించడానికి తీసుకువెళ్తే, తనిఖీ చేసిన పోలీసులు గుర్తింపు సంఖ్య పలకను ఎవరో ఊడదీసి మళ్లీ బిగించారని గమనించారు. కారును పూర్తిగా విప్పి బాగుచేసినప్పుడు ఆ పలకను తీసి, మళ్లీ అమర్చారు, దాన్ని బిగించిన రివెట్లు మాత్రం అసలువి కావు. కొన్నవారికి ఇదేమీ తెలియదు, ఆయన తప్పు చేశారని ప్రభుత్వం కూడా అనలేదు. అయినా సంఖ్యను చెరిపిన లేదా కదిపిన బండిని స్వాధీనం చేసుకుని ధ్వంసం చేయాలన్నది ఆనాటి కాన్సాస్ చట్టం. కేసు ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 2022లో శాసనసభ చట్టాన్ని సవరించి, పాతకాలపు బండిని బాగుచేసే క్రమంలో అవసరమై పలకను తీసి పెట్టడం నేరం కాదని స్పష్టం చేసింది. ఆ తర్వాతే కారు తిరిగి యజమాని చేతికి వచ్చింది.

గుర్తింపు సంఖ్యను తొలగించడం కేంద్ర చట్టం ప్రకారం కూడా నేరమే, మరమ్మతుకు తప్పనిసరైన సందర్భానికి అందులో మినహాయింపు ఉంది. కానీ మరమ్మతు కోసమే తీశామని ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు, దేనితో నిరూపిస్తారు? అందుకే అనుభవజ్ఞులు రంగు గీకే పనికి ముందే పలకనూ దాని రివెట్లనూ దగ్గరగా ఫొటోలు తీసి, తేదీ వేసి, అమ్మకపు రశీదుతో పాటు దాచిపెడతారు, వీలైనంతవరకూ ఆ పలకను కదపకుండా దాని మీద టేపు అతికించి చుట్టూ పని చేస్తారు.