పచ్చబొట్టు రంగును మోసేదెవరు?

మేడారం జాతరలో పచ్చబొట్లు వేసేవాళ్ల దగ్గర ఎప్పుడూ గుంపే. మన ముసలవ్వల ముంజేతుల మీదైతే చిన్నప్పుడు పొడిపించుకున్న చుక్కలు, పేర్లు ఇప్పటికీ ఉంటాయి. పైచర్మం నెలా నెలన్నరకు కొత్తదైపోతుంది కదా, మరి బొట్టెందుకు పోదు?

సూది రంగును పైచర్మం దాటించి కింది పొరలో వదులుతుంది. అక్కడ మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలుంటాయి. పరాయిది ఏది కనబడినా మింగడం వాటి పని. రంగునూ మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. ఆ కణం చనిపోతే బయటపడ్డ రంగును కొత్తగా వచ్చిన కణం మింగుతుందని 2018లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూశారు.

ఇదే తంతు ఊపిరితిత్తుల్లో జరిగితే ప్రాణం మీదికొస్తుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు దులిపినప్పుడు లేచే దుమ్ములో చాలావరకు ముక్కు, గొంతు దగ్గరే ఆగిపోతుంది (తుమ్ములు అందుకే). మరీ సన్నటిది గాలిగదుల దాకా పోతే అక్కడి మాక్రోఫేజ్‌లు మింగేస్తాయి. రాతిదుమ్ముతోనే చిక్కు. సింగరేణి గనుల్లో రాతిపొరకు డ్రిల్లు పెట్టినా, కరీంనగర్ వైపు గ్రానైట్ కోసినా లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. దాన్ని మింగిన కణం వాపు పుట్టించే రసాయనాలు వదులుతూ చచ్చిపోతుంది. ఆ రేణువు ఇంకో కణం నోట్లో పడుతుంది, అదీ చస్తుంది. ఏళ్ల తరబడి ఇట్లా సాగి ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడటమే సిలికోసిస్. పని మానేసినా జబ్బు ముదరడానికి కారణం ఇదే. పైగా టీబీ క్రిమిని మొదట ఎదుర్కోవలసింది కూడా ఈ కణాలే కాబట్టి, సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ భయం ఎక్కువ.

జాతి ఒకటే అయినా ఈ కణాలు ఏ అవయవంలో ఉంటే ఆ అవయవానికి కావాల్సిన పనిలో ఆరితేరుతాయి. కాలేయంలోని కుఫర్ కణాలు పేగుల నుంచి రక్తంలోకి జారిన బ్యాక్టీరియాను పట్టేస్తాయి. ప్లీహంలోనివి 120 రోజులు తిరిగి అలసిన ఎర్రకణాలను మింగి, వాటిలోని ఇనుమును వెనక్కిస్తాయి. తిండి నుంచి మనకు రోజుకు ఒంటబట్టే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములే. కొత్త రక్తానికి కావాల్సిన ఇరవై చిల్లర మిల్లీగ్రాముల్లో ఎక్కువ భాగం ఈ పాతదే.

మెదడులో ఉండేవి మైక్రోగ్లియా. అవి చచ్చిన కణాలను ఏరేయడంతో ఆగవు, ఎదిగే వయసులో నాడీకణాల మధ్య అక్కర్లేని కనెక్షన్లను కూడా తుంచేస్తాయి. పిండానికి ఇంకా ఎముకలే ఏర్పడని రోజుల్లో, పిండానికి అంటుకుని ఉండే సొనసంచిలో పుట్టి మెదడుకు చేరతాయి. ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఎముక మజ్జ నుంచి వాటికి కొత్తవి వచ్చి కలవడం దాదాపు ఉండదు. తమలో తామే విభజన చెంది సంఖ్య నిలుపుకుంటాయి.