మంత్రి కూడా కాని అతిథికి అంత మర్యాద ఎందుకు?

అమెరికా నుంచి ఒక సెనేటర్ ఢిల్లీలో దిగుతారు. ఆయన మంత్రి కాదు, రాయబారి కాదు, సంతకం పెట్టి ఒప్పందం చేసుకునే అధికారం అసలే లేదు. అయినా ప్రధాని అపాయింట్‌మెంట్ దొరుకుతుంది. ఒకటి రెండు రోజుల్లో అదే మనిషి ఇస్లామాబాద్‌లో సైన్యాధిపతి పక్కన కూర్చుని ఫొటోలో కనిపిస్తారు. పేపర్లో మాత్రం ఒకటే ముక్క: ‘ప్రాంతీయ భద్రత, పొరుగు దేశాల పరిస్థితులపై చర్చించారు’. అంతే. చదివినవాళ్లు పేజీ తిప్పేస్తారు. కానీ ఆ పొడి వాక్యం వెనక యాభై ఏళ్ల కథ ఉంది. అందులో ఎడారిలో ఎండిన యుద్ధ విమానాలున్నాయి, గోధుమలున్నాయి, మంచు తుపానూ ఉంది.

అసలు విషయం ఖజానా తాళం. అమెరికా రాజ్యాంగం ప్రకారం చట్టం చేసి కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, కేటాయిస్తే తప్ప ఖజానా నుంచి ఒక్క డాలరు కూడా బయటికి రాదు. విదేశాలతో ఒడంబడికలకు అందులోని ఎగువ సభ సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. రాయబారుల నియామకానికీ సెనేట్ ఆమోదం ఉండాలి. అధ్యక్షుడు మాట ఇవ్వగలడు, దానికి డబ్బు ఇచ్చేది మాత్రం వీళ్లు. అందుకే వీళ్లు బృందంగా సైనిక విమానంలో బయల్దేరితే ఎక్కడైనా ఎర్ర తివాచీ పడుతుంది. ఈ పర్యటనల్ని అక్కడ ‘కాంగ్రెషనల్ డెలిగేషన్’ అన్న మాటను పొట్టిచేసి ‘కోడెల్’ అంటారు. మన కోడెలతో చుట్టరికం ఏమీ లేదు గానీ, దిగిన ఊళ్లో హడావుడి మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది.

మన ప్రాంతానికి సంబంధించినంతవరకు కథ 1974 మే 18న పోఖ్రాన్‌లో మొదలైంది. భారత్ అణు పరీక్ష చేసింది. రెండేళ్లకు, 1976లో, సెనేటర్ స్టువర్ట్ సిమింగ్టన్ పేరుతో ఒక సవరణ, ఆ మరుసటి ఏడాది జాన్ గ్లెన్ పేరుతో ఇంకొకటి వచ్చాయి. గ్లెన్ అంటే భూమి చుట్టూ తిరిగొచ్చిన మొదటి అమెరికన్ వ్యోమగామి, ఆయనే. అంతర్జాతీయ తనిఖీకి ఒప్పుకోకుండా యురేనియం శుద్ధి సామగ్రిని, ఇంధనం నుంచి ప్లుటోనియం తీసే సామగ్రిని తెచ్చుకునే దేశాలకు సాయం ఆపాలన్నది ఆ రెండింటి సారం. పోఖ్రాన్ దెబ్బకు పుట్టిన ఈ చట్టాలు ముందుగా తగిలింది పాకిస్థాన్‌కి. కహుటాలో యురేనియం శుద్ధి జరుగుతోందని తేలడంతో 1979 ఏప్రిల్‌లో కార్టర్ ప్రభుత్వం సాయం నిలిపేసింది.

ఆ కోపం ఏడాది కూడా నిలవలేదు. డిసెంబర్‌లో సోవియట్ సేనలు అఫ్ఘానిస్థాన్‌లోకి వచ్చాయి. కార్టర్ వెంటనే పాకిస్థాన్‌కి 40 కోట్ల డాలర్లు ఇస్తానన్నారు. ‘పల్లీలు’ (ఇంగ్లీషు వాడుకలో చిల్లర డబ్బులని) అని తీసిపారేశారు పాకిస్థాన్ పాలకుడు జియా ఉల్ హక్. కార్టర్ స్వయంగా పల్లీలు పండించిన రైతు కాబట్టి ఆ వెటకారం రెండు వైపులా తగిలింది. జియా లెక్క తప్పలేదు. 1981లో రేగన్ 320 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు, 40 ఎఫ్-16 విమానాలు అమ్మడానికీ ఒప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే టెక్సస్ నుంచి చార్లీ విల్సన్ అనే సభ్యుడు పెషావర్ చుట్టూ తిరిగారు. పేరుకు మామూలు కాంగ్రెస్ సభ్యుడే, కానీ రక్షణ ఖర్చుల్ని పంచే ఉపసంఘంలో కూర్చునేవారు. శరణార్థి శిబిరాలు, గాయపడ్డవాళ్లతో నిండిన ఆసుపత్రి చూసి వాషింగ్టన్ వెళ్లి అఫ్ఘాన్ పద్దు పెంచుతూ పోయారు. ఒక పర్యాటకుడి కంటితడి బడ్జెట్ అంకెగా మారడం అంటే ఇదే. ఆ ఆయుధాలు తర్వాత ఎవరి చేతుల్లోకి వెళ్లాయన్నది వేరే కథ.

ఇక ప్రెస్లర్. సౌత్ డకోటా అనే వ్యవసాయ రాష్ట్రం నుంచి వచ్చిన రిపబ్లికన్ సెనేటర్. 1985లో ఆయన పేరుతో వచ్చిన సవరణ ప్రకారం, పాకిస్థాన్ దగ్గర అణు పేలుడు పరికరం లేదని అధ్యక్షుడు ఏటా సర్టిఫికెట్ రాసివ్వాలి. రాస్తేనే సాయం. చాలామంది మర్చిపోయే సంగతి ఏంటంటే, ఈ చట్టం పాకిస్థాన్‌ని ఇబ్బంది పెట్టడానికి పుట్టలేదు. అంతకంటే కఠినమైన ప్రతిపాదన కాంగ్రెస్‌లో నలుగుతుంటే, దాని నుంచి తప్పించి సాయం సాగేలా చూడటానికి తెచ్చిన రాజీ మార్గం ఇది. రేగన్, ఆయన తర్వాత సీనియర్ బుష్ 1989 దాకా ఆ కాగితం మీద సంతకం పెడుతూ వచ్చారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సోవియట్ సైన్యం అఫ్ఘానిస్థాన్ ఖాళీ చేసింది. 1990 అక్టోబర్‌లో సర్టిఫికెట్ రాలేదు. నిజం అప్పుడే తెలిసిందా, లేక చెప్పాల్సిన అవసరం అప్పుడే వచ్చిందా అంటే, నా ఓటు రెండోదానికే.

పాకిస్థాన్ మొత్తం మీద 65.8 కోట్ల డాలర్లు కట్టిన 28 ఎఫ్-16లు ఆంక్షల్లో చిక్కుకున్నాయి. కట్టిన డబ్బు వెనక్కి రాలేదు, విమానాలూ రాలేదు. వాటిని తీసుకెళ్లి అరిజోనా ఎడారిలోని డేవిస్-మోంథన్ స్థావరంలో వరసగా నిలబెట్టారు. అక్కడి గాలిలో తేమ తక్కువ, తుప్పు పట్టదు. ఆంక్షలు పడ్డాక కూడా పాకిస్థాన్ కొంతకాలం వాయిదాలు కట్టింది. కిస్తీలు పోతున్నా బండి ఇంటికి రాని పరిస్థితి. ఓ దశలో వాటిని న్యూజిలాండ్ లీజుకు తీసుకుంటానంది, అక్కడ కొత్తగా వచ్చిన హెలెన్ క్లార్క్ ప్రభుత్వం 2000లో వద్దనేసింది. డబ్బు లెక్క మాత్రం 1998 డిసెంబర్‌లోనే తేలింది: పాకిస్థాన్‌కి కొంత రొక్కం, మిగతాది గోధుమలు వగైరా సరుకు. ఆ విమానాలు ఆ తర్వాత అమెరికా సైనికుల శిక్షణలోనే ‘శత్రు విమానం’ వేషం కట్టాయి.

1992 జనవరిలో ప్రెస్లర్ స్వయంగా ఇస్లామాబాద్, ఢిల్లీ వచ్చారు. సోవియట్ యూనియన్ కూలి నెల కూడా కాలేదు. మధ్య ఆసియా రిపబ్లిక్‌లు, ఇరాన్, పాకిస్థాన్ కలిసి అణ్వాయుధం ఉన్న ఇస్లామిక్ కూటమిగా ఏర్పడతాయేమోనన్న భయాన్ని ఆయన ఢిల్లీలో బయటపెట్టారు. పాకిస్థాన్ మండిపడింది. సరిగ్గా ఇక్కడే ఇలాంటి అతిథులతో సౌకర్యమూ, చిక్కూ తెలుస్తాయి. ఆయన మాట అమెరికా ప్రభుత్వ మాట కాదు, వాషింగ్టన్ ‘అది ఆయన సొంత అభిప్రాయం’ అనగలదు. కానీ చట్టం మీద ఆయన పేరే ఉంది, ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు. కొద్ది వారాలకే, ఫిబ్రవరిలో, పాకిస్థాన్ విదేశాంగ కార్యదర్శి షహర్యార్ ఖాన్ ఒక అమెరికన్ పత్రికతో మాట్లాడుతూ తమ దగ్గర బాంబు తయారీకి కావలసిన సామర్థ్యం ఉందని ఒప్పుకున్నారు. పాకిస్థాన్‌లో ప్రెస్లర్ అన్న పేరు తిట్టు కింద మారిపోయింది.

ఢిల్లీలో ఆ పేరు దాదాపు వరంలా వినబడేది. ఆ వరం మీదే కూర్చుంటే చాలదని 1995లో తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వాషింగ్టన్ వెళ్లిన బేనజీర్ భుట్టోతో, డబ్బూ విమానాలూ రెండూ మేమే ఉంచుకోవడం న్యాయం కాదని క్లింటన్ ఒప్పుకున్నారు. కొలరాడో సెనేటర్ హ్యాంక్ బ్రౌన్ పేరుతో కొత్త సవరణ వచ్చింది. ఎఫ్-16లు కాదు గానీ, ఆగిపోయిన 36.8 కోట్ల డాలర్ల సైనిక సామగ్రి పాకిస్థాన్ చేరడానికి దారి తెరుచుకుంది. ప్రెస్లర్ అడ్డుపడ్డా, పి.వి. ప్రభుత్వం అభ్యంతరం చెప్పినా ఆగలేదు. వైట్‌హౌస్‌తో మాట్లాడితే సరిపోదు, ఎదురుగా ఉన్న కొండ మీద కూర్చున్న 535 మంది కాంగ్రెస్ సభ్యులతోనూ మాట్లాడాలన్న పాఠం భారత్ నేర్చుకున్న కాలం అది. అంతకు రెండేళ్ల ముందే, 1993లో, ఫ్రాంక్ పల్లోన్, బిల్ మెకాలమ్‌లు ప్రతినిధుల సభలో భారత్ కోసం ఒక బృందాన్ని పెట్టారు. దానికి ఊపిరి పోసింది అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు, ముఖ్యంగా డాక్టర్లు. వాళ్లలో గుంటూరు, హైదరాబాద్, వరంగల్ మెడికల్ కాలేజీల నుంచి వెళ్లినవాళ్లు తక్కువేం కాదు.

1998లో రెండు దేశాలూ పరీక్షలు చేశాయి, ఆంక్షలు పడ్డాయి. నెలన్నర తిరగ్గానే కాంగ్రెస్ తానే ఒక కన్నం పెట్టింది: ధాన్యం అమ్మకాలకు మినహాయింపు. పాకిస్థాన్ గోధుమల టెండరు దగ్గరపడుతోంది, అమెరికా రైతు ఆ బేరం పోగొట్టుకోడానికి సిద్ధంగా లేడు. అణు విధానం ఎంత పెద్దదైనా నియోజకవర్గం తర్వాతే. ఈ సూత్రం మన నాయకులకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక మంచు తుపాను. 2008 ఫిబ్రవరిలో ముగ్గురు సెనేటర్లు కలిసి బయల్దేరారు: జో బైడెన్, జాన్ కెర్రీ, చక్ హేగెల్. 18న పాకిస్థాన్ ఎన్నికలు చూశారు. తర్వాత ఢిల్లీ వచ్చి, అమెరికాతో అణు ఒప్పందం త్వరగా తేల్చండి, జూనియర్ బుష్ దిగిపోతే మళ్లీ ఎప్పటికో అని చెప్పారు. అప్పటికి వామపక్షాల దెబ్బకు మన్మోహన్ సింగ్ ప్రభుత్వం ఆ ఫైలు ముందుకు కదల్చలేక ఉంది. 21న అఫ్ఘానిస్థాన్‌లో వాళ్ల హెలికాప్టర్ మంచు తుపానులో చిక్కుకుని కొండల మధ్య దిగిపోవాల్సి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రోడ్డు మార్గాన సైనిక వాహనాలు వచ్చి బగ్రాం తీసుకెళ్లాయి. తాలిబన్లు వస్తే మంచు ముద్దలతో కొట్టడానికి బైడెన్‌ని పంపుదామనుకున్నామని కెర్రీ తర్వాత జోకు వేశారు. ఏడాది తిరిగేసరికి అందులో ఒకరు ఉపాధ్యక్షుడు, 2013కల్లా మిగతా ఇద్దరిలో ఒకరు విదేశాంగ మంత్రి, ఇంకొకరు రక్షణ మంత్రి. అతిథి రేపు ఏమవుతాడో తెలియదు కాబట్టి ఈ రోజు కాఫీ బాగా ఇవ్వాలన్నది దౌత్య కార్యాలయాల పాత లెక్క. ఢిల్లీలో ఆ ముగ్గురూ తొందరపెట్టిన ఒప్పందం జూలై 22న 275–256 తేడాతో లోక్‌సభ విశ్వాస పరీక్ష గట్టెక్కింది. అక్టోబర్ 1న అమెరికా సెనేట్ 86–13తో ఆమోదించింది.

కెర్రీ ఆ తర్వాత మూడేళ్లు ఇంచుమించు మంత్రి పనే చేశారు, పదవి లేకుండా. 2009 అక్టోబర్‌లో కాబూల్‌లో అధ్యక్షుడు కర్జాయ్ మొండికేసి కూర్చున్నారు. దొంగ ఓట్లు తీసేస్తే ఆయనకు సగం ఓట్లు రాలేదు, రెండో విడత పోలింగ్‌కి మాత్రం ఒప్పుకోరు. అమెరికా ప్రత్యేక ప్రతినిధి హోల్‌బ్రూక్‌కీ ఆయనకూ పొసగదు. కెర్రీ రోజుల తరబడి ఆయనతో కలిసి భోంచేశారు, భవనం తోటలో నడిచారు, 2004లో తాను అధ్యక్ష పదవికి ఓడిపోయిన అనుభవం చెప్పారు. ఓడినవాడి మాట ఓటమికి భయపడేవాడికి ఎక్కుతుంది. 20న కర్జాయ్ ఒప్పుకున్నట్టు ప్రకటిస్తున్నప్పుడు కెర్రీ పక్కనే నిలబడి ఉన్నారు. ప్రత్యర్థి తప్పుకోవడంతో ఆ రెండో విడత జరగనే లేదు, అది వేరే సంగతి.

అదే నెలలో కెర్రీ, లూగర్, బెర్మన్‌ల పేరుతో పాకిస్థాన్‌కి ఐదేళ్లలో 750 కోట్ల డాలర్ల పౌర సాయం చట్టమైంది. సంతోషించాల్సిన చోట పాక్ సైన్యం బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. సైన్యం మీద పౌర ప్రభుత్వానికి ఎంత అదుపు ఉందో నివేదిక ఇవ్వాలన్న మాట అందులో ఉంది మరి. దాంతో ఇస్లామాబాద్ వెళ్లి సర్ది చెప్పే పని కూడా కెర్రీ మీదే పడింది. 2011 మేలో బిన్ లాడెన్ హతమయ్యాక మళ్లీ వెళ్లింది ఆయనే. మీ అణ్వాయుధాల మీద మాకు కన్ను లేదని రక్తంతో రాసివ్వడానికైనా సిద్ధమని అక్కడి జనరళ్లకు చెప్పారు. అబోటాబాద్‌లో కూలిన రహస్య హెలికాప్టర్ తోక ముక్కను తిరిగి ఇస్తామన్న మాట తీసుకుని వచ్చారు.

మరి మన ఎంపీలు బయటికి వెళ్తే? మన దగ్గర ఒప్పందాలు చేసుకునేది ప్రభుత్వం, పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. కాబట్టి మన ఎంపీ చేతిలో ఖజానా తాళం ఉండదు, దేశమంతా ఒక్క మాట మీద ఉందని చూపించడమే ఆయన బలం. 1994లో పి.వి. ఆ బలాన్నే వాడుకున్నారు. జెనీవాలో కశ్మీర్‌పై పాకిస్థాన్ తీర్మానాన్ని ఎదుర్కోవడానికి ప్రతిపక్ష నేత వాజపేయి నాయకత్వంలో బృందాన్ని పంపారు. పాకిస్థాన్ తీర్మానం వెనక్కి తీసుకుంది. 2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత ఏడు అఖిలపక్ష బృందాలు 33 రాజధానులకు బయల్దేరాయి. అసదుద్దీన్ ఒవైసీ గల్ఫ్ దేశాలకు, పురందేశ్వరి ఐరోపాకు, లావు శ్రీకృష్ణదేవరాయలు ఈజిప్టు, దక్షిణాఫ్రికా వైపు వెళ్లారు. శశి థరూర్ బృందంలో అమలాపురం ఎంపీ హరీశ్ బాలయోగి ఉన్నారు. 2000 మార్చిలో క్లింటన్ మన పార్లమెంటులో మాట్లాడినప్పుడు స్పీకర్‌గా ఉన్న బాలయోగి గారి అబ్బాయి. కొలంబియాలో థరూర్ బృందం అసంతృప్తి చెప్పాక, పాకిస్థాన్‌లో మరణాలకు సంతాపం తెలిపిన ప్రకటనను ఆ దేశం వెనక్కి తీసుకుంది.

జూన్ మొదటి వారంలో థరూర్ బృందం వాషింగ్టన్‌లో ఉండగానే బిలావల్ భుట్టో బృందం కూడా అక్కడే ఉంది. రెండు దేశాల ఎంపీలూ ఒకే కాంగ్రెస్ సభ్యుల తలుపులు తట్టారు. కాలిఫోర్నియా సభ్యుడు బ్రాడ్ షెర్మన్ బిలావల్ బృందాన్ని కూర్చోబెట్టి జైష్-ఎ-మొహమ్మద్‌ని తుడిచిపెట్టమన్నారు, డాక్టర్ షకీల్ అఫ్రిదీని విడుదల చేయమన్నారు. బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికాకు సాయపడ్డ డాక్టర్ ఆయన. 2012 మేలో పాకిస్థాన్‌లో ఆయనకు 33 ఏళ్ల జైలు శిక్ష పడింది. ఆ మర్నాడే సెనేట్ కేటాయింపుల కమిటీ 30–0 ఓటుతో పాకిస్థాన్ సాయంలో 3.3 కోట్ల డాలర్లు కోసేసింది. శిక్షలో ఒక్కో ఏడాదికి పది లక్షల చొప్పున.