ఒక్క డిస్కు సంగతి తెలుసుకోడానికి ఇన్ని కమాండ్లా?

నెల్లూరు పొగతోట ఆస్పత్రుల వెనక గదుల్లో, ఒంగోలులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లో, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల ఆఫీసుల్లో ఏదో ఒక మూల పాత సర్వర్ ఒకటి గుర్రుమంటూ ఉంటుంది. లోపల నాలుగో ఆరో డిస్కులు, వాటి మీద రెయిడ్, అంటే ఒక డిస్కు పోయినా డేటా పోకుండా అన్నిటినీ ఒకటిగా కలిపే ఏర్పాటు. ఎవరో పెట్టి వెళ్లారు, పనిచేస్తోంది, అంతవరకే తెలుసు. అది ఉన్నట్టుండి కీచుకీచుమని ఆగకుండా మోగిన రోజున సిస్టమ్స్ చూసే కుర్రాడికి ఫోన్ వెళ్తుంది. అతను ఊళ్లో ఉండడు. కౌంటర్ దగ్గరి అమ్మాయిని కీబోర్డు ముందు కూర్చోబెట్టి, డిస్కుల పరిస్థితి చూపించే కమాండ్‌ను ఒక్కో అక్షరంగా చెప్పాలి. "స్టోర్‌సీఎల్‌ఐ, స్పేస్, స్లాష్ సీ సున్నా, స్పేస్ ఇవ్వకు, స్లాష్ ఈ ఆల్, స్లాష్ ఎస్ ఆల్, ఇప్పుడు స్పేస్, షో." అవతలి నుంచి జవాబు: "కమాండ్ నాట్ ఫౌండ్ అంటోందన్నా." అప్పుడు అడుగుతాడు: "ఆ బాక్సు ఏ కంపెనీదమ్మా?"

కంపెనీ తెలియందే డిస్కు బతికుందో లేదో కూడా కనుక్కోలేని ఈ అవస్థ చాలా ఏళ్ల కిందట మొదలైంది.

డిస్కులను జట్టుకట్టించే ఆలోచనకు ఐబీఎమ్ ఇంజినీరు నార్మన్ కెన్ ఔచీ 1978లోనే పేటెంట్ పొందాడు. కానీ దానికి రెయిడ్ అనే పేరూ రూపమూ వచ్చింది 1987లో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ వాదన సూటిగా ఉంది: మెయిన్‌ఫ్రేమ్‌కు పెట్టే ఒక్క భారీ డిస్కు బదులు పర్సనల్ కంప్యూటర్లలో వాడే చవక డిస్కులు చాలా కలిపితే వేగం పెరుగుతుంది. డిస్కులు ఎక్కువైతే చెడిపోయేవీ ఎక్కువవుతాయి గనుక, ఒకటి పోయినా మిగతావాటి నుంచి లెక్కగట్టి తిరిగి రాబట్టేలా అదనపు సమాచారం రాసిపెట్టాలి. ఆ సమాచారాన్ని ఎలా రాయాలో చెప్పే పద్ధతులకు ఒకటి నుంచి ఐదు దాకా లెవెళ్లు వాళ్లు పెట్టినవే.

ఆ లెక్క వేయడం అప్పటి ప్రాసెసర్లకు బరువు. అందుకే తయారీదార్లు సొంత ప్రాసెసర్, సొంత మెమరీ ఉన్న రెయిడ్ కార్డులు తెచ్చారు. చిక్కంతా ఇక్కడే పడింది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కార్డు ఒకే ఒక్క పెద్ద డిస్కును చూపిస్తుంది, అసలు డిస్కులు దాని చాటున ఉంటాయి. చాటున ఏం జరుగుతోందో చూడాలంటే ఆ కంపెనీ ఇచ్చిన టూలే దిక్కు. త్రీవేర్‌ది ఒకటి, అడాప్టెక్‌ది ఒకటి, హెచ్‌పీది ఇంకొకటి. ఎవరి గోల వారిదే.

పైగా కంపెనీలు చేతులు మారాయి. మెగారెయిడ్ అనే కార్డుల కుటుంబాన్నే తీసుకోండి. అమెరికన్ మెగాట్రెండ్స్ 2001లో దాన్ని ఎల్‌ఎస్‌ఐకి అమ్మింది. 2009లో ఎల్‌ఎస్‌ఐ త్రీవేర్‌నూ కలిపేసుకుంది. 2014లో ఎల్‌ఎస్‌ఐని అవాగో కొంది. అవాగో 2016లో బ్రాడ్‌కామ్‌ను కొని ఆ పేరే తను పెట్టుకుంది. ఆ కార్డుల టూలు మెగాసీఎల్‌ఐ పోయి స్టోర్‌సీఎల్‌ఐ వచ్చింది, డెల్ సర్వర్లలో అదే పెర్క్‌సీఎల్‌ఐ. కొత్త టూలు బాగా పాత కార్డులను గుర్తుపట్టదు. ఇన్‌స్టాల్ అయినా సరే, ఆప్ట్ డైరెక్టరీలో ఎక్కడో లోపల, పేరు చివర 64 తగిలించుకుని కూర్చుంటుంది. పాపం ఆ అమ్మాయికి కమాండ్ నాట్ ఫౌండ్ అని రావడానికి చాలాసార్లు కారణం ఇంతే.

కమాండ్ పనిచేశాక అసలు గండం మొదలవుతుంది. తెరమీద 252 (డిస్కులున్న అరకు కార్డు ఇచ్చిన నంబరు), పక్కన స్లాట్ 2, ఫెయిల్డ్ అని వస్తుంది. స్లాట్లు సున్నా నుంచి లెక్క. మనిషి ఒకటి నుంచి లెక్కపెట్టి రెండో డిస్కు లాగేస్తాడు, పోయింది మూడోది. ఒక్క డిస్కు పోతేనే తట్టుకునే రెయిడ్ ఐదులో అప్పటికే ఒకటి చచ్చి ఉండగా బాగున్నదాన్ని పీకితే అసలుకే ఎసరు. డిస్కు లైటు మిణుకుమిణుకుమనేలా చేసే లొకేట్ కమాండ్ ఉంది. దాన్ని కొట్టి, లైటు కళ్లారా చూశాకే చెయ్యి పెట్టాలి.

ఇంకొకటి, మన వైపు మరీ ఎక్కువ: కరెంటు. కార్డు మెమరీలో ఉండి ఇంకా డిస్కు మీదికి వెళ్లని డేటాను కరెంటు పోయినప్పుడు కాపాడేది కార్డుకున్న చిన్న బ్యాటరీ. అది చనిపోతే చాలా కార్డులు జాగ్రత్తపడి, ముందు మెమరీలో పెట్టుకుని తర్వాత డిస్కు మీద రాసే రైట్‌బ్యాక్ మానేసి రైట్‌త్రూకు మారతాయి, అంటే ప్రతిదీ డిస్కు మీద రాశాకే పని అయినట్టు లెక్క. స్టూడియో యజమానికి మాత్రం సర్వర్ స్లో అయినట్టే కనిపిస్తుంది. ర్యామ్ పెంచమంటాడు.

లైనక్స్ వాళ్లు వేరే దారి పట్టారు. కార్డు పనిని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెలే చేస్తుంది. తొలినాళ్లలో రెయిడ్‌టూల్స్ అనే ప్యాకేజీ, రెయిడ్‌ట్యాబ్ అనే ఫైలు ఉండేవి. 2001లో నీల్ బ్రౌన్ రాసిన ఎమ్‌డీఏడీఎమ్ అనే టూలు వాటిని పక్కకు నెట్టింది. ఏ కంపెనీ బాక్సయినా ఇదే కమాండ్. ప్రాక్ డైరెక్టరీలోని ఎమ్‌డీస్టాట్ ఫైలు తెరిస్తే నాలుగు డిస్కులకు నాలుగు యూ అక్షరాలు వరసగా కనిపిస్తాయి. ఒకటి పోతే దాని చోట అండర్‌స్కోర్. ఫోన్‌లో చదివి చెప్పడానికి ఇంతకంటే తేలిక ఏముంది?

ఇప్పటి ప్రాసెసర్లకు ఆ లెక్క ఓ లెక్కలోది కాదు. చిన్న ఆఫీసులకు కార్డు అనవసరమనే నా అభిప్రాయం. కార్డు చెడిపోతే అదే కుటుంబపు కార్డు కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్ షాపులన్నీ గాలించాలి, ఈలోగా డిస్కులు బాగున్నా లోపలున్న ఆస్పత్రి స్కాన్లు అందవు. ఎమ్‌డీఏడీఎమ్ అయితే ఆ డిస్కులను లైనక్స్ ఉన్న వేరే మిషన్‌కు తగిలించి అసెంబుల్, స్కాన్ అని కొడితే సరిపోతుంది.